పలాస రైతు సంఘం: మందస అడవి కట్టెల నుంచి జీడి పిక్కల ధర దాకా

పలాస అనగానే గుర్తొచ్చేది జీడిపప్పు. హౌరా-చెన్నై లైన్లో వెళ్లేవాళ్లకు ఆ స్టేషన్ పేరు చెబితే చాలు, పొట్లాం గుర్తుకొస్తుంది. కానీ 1940 మార్చి 26, 27 తేదీల్లో దేశంలోని రైతు నాయకులు ఈ ఊరికి వచ్చింది అందుకు కాదు. అఖిల భారత కిసాన్ సభ ఐదో మహాసభ అక్కడ జరిగింది. అంతకుముందు సభలు లక్నో, ఫైజ్‌పూర్, కొమిల్లా, గయల్లో జరిగాయి. ఆ వరసలో తెలుగు నేల మీద మొదటి చోటు మద్రాసు కాదు, బెజవాడ కాదు, పలాస.

సభ ముగిసిన ఐదో రోజున, ఏప్రిల్ 1న, పక్కనే ఉన్న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ అనే మహిళా రైతు, ఆమెతో పాటు మరికొందరు చనిపోయారు. గున్నమ్మ అప్పటికి గర్భిణి. గొడవ అడవి నుంచి తెచ్చుకున్న కట్టెల గురించి.

టెక్కలి ఆర్డీవో ఆఫీసు ముందు ధర్నా అనో, పలాసలో జీడి రైతుల సదస్సు అనో వార్త వచ్చినప్పుడల్లా అందులో 'రైతు సంఘం' అనే మాట ఉంటుంది. ఆ సంఘం ఎక్కడి నుంచి వచ్చింది? అదే పేరుతో ఒకటికి మించి ఎందుకున్నాయి? అది రైతుకు ఏం చేయగలదు, ఏం చేయలేదు? ఈ ప్రశ్నలకు జవాబు ఆ కట్టెల దగ్గరే మొదలుపెట్టాలి.

మందసలో అసలు గొడవ ఏంటి?

ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. పటం మారినా ఊళ్ల మీద పెత్తనం మాత్రం మారలేదు. మందస, టెక్కలి, తర్లా, పర్లాకిమిడి - ఇవన్నీ జమీందారీలు. రైతు శిస్తు కట్టేది జమీందారుకే.

మరి చట్టం లేదా అంటే, ఉంది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ప్రకారం జమీందారీ రైతుకు తాను సాగు చేసే భూమి మీద శాశ్వత హక్కు ఉంటుంది. శిస్తు కడుతున్నంత కాలం వెళ్లగొట్టకూడదు. పట్టా అడిగే హక్కు, కట్టిన డబ్బుకు రసీదు అడిగే హక్కు ఉన్నాయి. ఆచరణలో రసీదు చేతికి రావడమే కష్టం. రసీదు లేకపోతే కట్టిన శిస్తు కూడా బాకీయే. ఆనాటి ఆంధ్ర రైతు సంఘాల ఫిర్యాదుల్లో శిస్తు ఎక్కువన్న మాటతో పాటు ఈ రసీదు గొడవ, వెట్టి చాకిరీ గొడవ తరచూ కనిపించేవి.

అడవి సంగతి ఇంకా చిక్కు. నాగలికి, బండికి, ఇంటి దూలానికి కలప, పొయ్యిలోకి కట్టెలు, పశువులకు మేత - ఇవన్నీ తరతరాలుగా వాడుకలో ఉన్నవే. అయితే అది మామూలుగా వస్తున్న వాడుక, కాగితం మీద రాసుకున్న హక్కు కాదు. జమీందారు ఒక రోజు 'ఇక కుదరదు' అంటే చూపించడానికి రైతు దగ్గర ఏమీ ఉండదు. మందసలో జరిగింది అదే.

పలాస సభ కంటే ముందే ఈ జిల్లా నుంచి ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. లక్నోలో 1936 ఏప్రిల్ 11న అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా ప్రధాన కార్యదర్శి. మరుసటి ఏడాది ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు రక్షణ యాత్ర బయల్దేరింది. సుమారు 1,500 మైళ్ల దారి, కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆగుతూ. దారి పొడవునా వినతిపత్రాలు పోగయ్యాయి. ఈరోజు కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీకి ముత్తాత ఎవరైనా ఉంటే అది ఆ యాత్రే అనుకోవచ్చు.

యాత్ర నాటికి మద్రాసులో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ వ్యవస్థపై విచారణ కమిటీ వేశారు. 1938లో నివేదిక వచ్చింది. భూమి రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే అన్నది దాని సారం. కానీ అది చట్టంగా మారకముందే, 1939 అక్టోబరులో, యుద్ధంపై విభేదంతో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. రాతపూర్వకంగా ఒప్పుకున్న హక్కు అమలు కాకుండా ఆగిపోయింది. పలాస సభ జరిగింది సరిగ్గా ఆ ఖాళీలో. ఆ కోపం అర్థం కావాలంటే ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

సభ అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం ఆ నెలలోనే అరెస్టు చేసింది. స్థానికంగా సభ కోసం పనిచేసినవారిలో సోంపేట దగ్గరి బారువకు చెందిన గౌతు లచ్చన్న ఒకరు. తర్వాతి కాలంలో మంత్రి అయ్యారు. వంశధార మీద గొట్టా బ్యారేజీకి ఉన్నది ఆయన పేరే. జమీందారీ రద్దు సభ ప్రధాన డిమాండ్లలో ఒకటి. ఆ తర్వాత రైతులు అడవిలోకి వెళ్లి కలప, కట్టెలు తెచ్చుకున్నారు. నాయకులను అరెస్టు చేయడానికి పోలీసులు ఊళ్లోకి వస్తే జనం అడ్డుపడ్డారు. కాల్పులు జరిగాయి.

గుడారి రాజమణిపురంలో ఇప్పుడు వీర గున్నమ్మ స్మారకం ఉంది. ఏటా ఏప్రిల్ 1న రైతు సంఘాలు అక్కడ నివాళి అర్పిస్తాయి.

ఆ పోరాటం వల్ల చట్టంలో ఏం మారింది?

వెంటనే ఏమీ మారలేదు. ఏడేళ్లు ఆగాల్సి వచ్చింది. 1947లో ఎస్టేట్ గ్రామాల్లో శిస్తు తగ్గించే చట్టం, 1948లో ఎస్టేట్లను రద్దు చేసి రైత్వారీగా మార్చే చట్టం వచ్చాయి. రెండోదే అసలైంది. దాని కింద ఒక్కో ఎస్టేట్‌ను నోటిఫై చేసి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. సర్వే చేసి, సెటిల్‌మెంట్ జరిపి రైతుకు నేరుగా రైత్వారీ పట్టా ఇచ్చారు. ఉద్దానంలో తాతల కాలం నాటి కొబ్బరి తోటకు పాత దస్తావేజులు వెతికేవారికి 'సెటిల్‌మెంట్ పట్టా' అనే మాట తగిలేది ఇందుకే. 1-బి, అడంగల్‌లో ఇప్పుడు కనిపించే చాలా పేర్లకు మూలం ఆ సర్వే.

అడవి సంగతి మాత్రం పట్టాలో ఇమడలేదు. ఎస్టేట్ అడవులు ప్రభుత్వ అడవులయ్యాయి. జమీందారు గార్డు పోయి ఫారెస్టు గార్డు వచ్చాడని పాతవాళ్లు ఊరికే అనలేదు.

దానికి చట్టంలో చోటు దొరికింది 2006లో. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(బి) చదవండి. పూర్వపు సంస్థానాల్లో, జమీందారీల్లో, అలాంటి మధ్యవర్తుల పాలనలో ప్రజలు వాడుకున్న సాముదాయక హక్కులను, వాటిని ఏ పేరుతో పిలిచినా సరే, గుర్తించాలని అందులో ఉంది. 'జమీందారీ' అనే మాట ఆ చట్టంలోకి రావడం చిన్న విషయం కాదు. మందసలో కాల్పులు జరిగిన 66 ఏళ్లకు అదే రకం వాడుకను దేశ చట్టం హక్కుగా రాసింది.

అయితే అందరికీ ఒకేలా వర్తించదు. షెడ్యూల్డ్ తెగల వారు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో ఉంటూ, బతుకుదెరువుకు దాని మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. మిగతావారైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. దరఖాస్తు ఇవ్వాల్సింది ఫారెస్టు ఆఫీసులో కాదు, గ్రామసభకు. మహేంద్రగిరి కింద ఉన్న మందస మండలం గిరిజన ఊళ్లలో ఈ తేడా తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగేవారికి దారి చూపడం సంఘం పనుల్లో ఒకటి.

ఒకే పేరుతో ఇన్ని సంఘాలెందుకు?

యుద్ధ కాలంలోనే మొదటి చీలిక. రంగా వర్గం కిసాన్ సభ నుంచి బయటకు వచ్చింది. సభ కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వెళ్లింది. రంగా, లచ్చన్న 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలాక కిసాన్ సభ కూడా రెండైంది. రెండూ 1936నే తమ పుట్టిన ఏడాదిగా చెప్పుకుంటాయి. రాష్ట్రంలో రెండూ 'ఆంధ్రప్రదేశ్ రైతు సంఘం' అనే పేరునే వాడతాయి. కాబట్టి వార్తలో 'రైతు సంఘం డిమాండ్' అని ఉంటే ఏ సంఘమో నాయకుడి పేరు చూస్తే గానీ తెలియదు. వీటికి తోడు కౌలు రైతుల సంఘం, రైతు కూలీ సంఘం, పంటల పేరుతో వచ్చిన జీడి రైతుల, కొబ్బరి రైతుల సంఘాలు ఉన్నాయి.

1967 నుంచి 1970 వరకు సాగిన శ్రీకాకుళం సాయుధ పోరాటం ఏజెన్సీలో మొదలై ఉద్దానం ఊళ్లకు కూడా పాకింది. బొడ్డపాడు పేరు అప్పుడే రాష్ట్రమంతా వినిపించింది. దాని గురించి ఎన్నో పుస్తకాలున్నాయి, ఇక్కడ చెప్పడం కుదరదు. ఈ కథకు కావాల్సింది ఒక్కటే. ఆ అణచివేత తర్వాత ఈ ప్రాంతంలో బహిరంగంగా, సభ్యత్వ రసీదులతో నడిచే రైతు సంఘం మళ్లీ నిలదొక్కుకోవడానికి చాలా కాలం పట్టింది.

బీల, తంపర: సంఘం పేరు మారింది, పని మారలేదు

2010 జులై 14. సోంపేట దగ్గర బీల భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు వ్యతిరేకంగా వచ్చిన రైతులు, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. తుపాకీ కాల్పులు, అనుకూలమైన తీర్పు ఒకే రోజున. ప్లాంటు రాలేదు.

ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం వడ్డితాండ్ర దగ్గర మళ్లీ కాల్పులు. ఈసారి కాకరాపల్లి తంపర భూముల్లో ఇంకో థర్మల్ ప్లాంటు గురించి. మళ్లీ ఇద్దరు చనిపోయారు. ఆ ప్లాంటు నిర్మాణం మధ్యలో ఆగిపోయింది.

బీల, తంపర అంటే బయటివాళ్లకు బీడు భూములుగా కనిపిస్తాయి. రెవెన్యూ రికార్డులో కూడా చాలావరకు ప్రభుత్వ భూమే. ఊరివాళ్లకు అది చేపలు, పశువుల మేత, ఎత్తిపోతల నీరు. ఇక్కడా మందస చిక్కే: వాడుక ఉంది, కాగితం లేదు. తేడా ఏంటంటే, ఈసారి పోరాడేవారి చేతిలో ఒక ప్రక్రియ ఉంది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జాతీయ పత్రిక ఒకదానిలో, ప్రాంతీయ భాషా పత్రిక ఒకదానిలో ప్రకటన రావాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలి. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ మినిట్స్‌లో రాయాలి. సభకు వెళ్లలేని వారు రాతపూర్వకంగా పంపవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగ్ కాదు. ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు. కానీ ఆ 'వద్దు' ఎందుకో మినిట్స్‌లో నమోదైతే, తర్వాత అప్పీలులో పనికొచ్చేది ఆ కాగితమే. మైకు దగ్గర నినాదం ఇచ్చి కూర్చోవడం కన్నా, సర్వే నంబరు, నీటి ఊట, చేపల వేట చేసే కుటుంబాల సంఖ్య రాసిచ్చిన ఒక పేజీ విలువైనదని సంఘాలు నేర్చుకున్నది ఈ రెండు ఉద్యమాల్లోనే.

2025లో మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో విమానాశ్రయం ప్రతిపాదన వచ్చినప్పుడు రైతులు మళ్లీ కమిటీగా ఏర్పడ్డారు. అప్పుడు చర్చకు వచ్చింది 2013 భూసేకరణ చట్టం. దాని ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం భూయజమానుల సమ్మతి కావాలి. ప్రభుత్వమే సొంతంగా కడితే సమ్మతి నిబంధన వర్తించదు. అందుకే 'విమానాశ్రయం ఎవరు కడతారు?' అన్న ప్రశ్న మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

తిత్లీ తర్వాత: చెట్టుకు ఎంత, హెక్టారుకు ఎంత?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఆ రైతు పోగొట్టుకున్నది ఒక పంట కాదు, ఆరేడేళ్ల ఆదాయం.

విపత్తు సాయానికి కేంద్రం నిబంధనల్లో అప్పట్లో బహువార్షిక పంటలకు హెక్టారుకు రూ.18,000, అదీ రెండు హెక్టార్ల వరకే. రాష్ట్ర ప్రభుత్వం అంతకన్నా ఎక్కువగా కొబ్బరి చెట్టుకు రూ.1,500, జీడికి హెక్టారుకు రూ.30,000 ప్రకటించింది. రైతు సంఘాలు చాలదన్నాయి. ప్రభుత్వం మారాక 2019లో చెట్టుకు రూ.3,000, జీడికి హెక్టారుకు రూ.50,000గా పెంచారు.

ఇందులో గమనించాల్సింది మొత్తం కాదు, లెక్క కట్టే కొలత. కొబ్బరికి చెట్టు లెక్క, జీడికి విస్తీర్ణం లెక్క. తోటలో పడిన చెట్లెన్నో ఎన్యుమరేషన్ రోజున ఎవరో ఒకరు నిలబడి లెక్క రాయించాలి. జీడి తోట అడంగల్‌లో తోటగా ఎక్కకుండా మెట్టగా ఉండిపోతే హెక్టారు లెక్క కూడా తేలదు. అందుకే ఇప్పుడు సంఘాల సమావేశాల్లో ఈ-క్రాప్ మీద అంత చర్చ. రైతు సేవా కేంద్రంలో ఏటా పంట నమోదు చేయించుకుని, ఈకేవైసీ పూర్తిచేసి, గోడ మీద అతికించే జాబితాలో పేరు చూసుకోవాలి. తోట పాతదే కదా, పోయినేడాది రాశారు కదా అని వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

కౌలుదారు అయితే ఇబ్బంది రెట్టింపు. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేకుండా ఉండేది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డుకు యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమో అని యజమాని భయం. హక్కు పోదని చట్టంలోనే ఉన్నా ఆ భయం పోలేదు. కౌలు రైతుల సంఘం ఈ సంతకం నిబంధన తీసేయమని అడుగుతూనే ఉంది.

జీడికి మద్దతు ధర ఎందుకు లేదు?

పలాసలో ఎక్కువగా వినిపించే డిమాండ్ ఇదే: 80 కిలోల జీడి పిక్కల బస్తాకు రూ.16,000 ఇవ్వాలి.

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకు. ఉద్దానం పండించే రెండింటిలో కొబ్బరి, ఎండు కొబ్బరి రూపంలో, ఆ జాబితాలో ఉంది. 2025 సీజనుకు మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలు ధర రూ.11,582. జీడి జాబితాలో లేదు. కాబట్టి 'జీడికి మద్దతు ధర పెంచండి' అనే మాట సరికాదు. పెంచడానికి అసలు ధరే లేదు, ముందు జాబితాలో చేర్చాలి. అది ఢిల్లీ పని. తహసీల్దారుకు అర్జీ ఇస్తే అది పైకి పంపడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

మద్దతు ధర లేని ఉద్యాన పంటలకు మార్కెట్ జోక్య పథకం అనేది ఒకటుంది. ధర పడిపోయినప్పుడు రాష్ట్రం అడిగితే, నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం సగం సగం భరిస్తాయి. కానీ అది త్వరగా పాడయ్యే సరుకు కోసం పెట్టింది. జీడి పిక్క ఎండబెడితే నిల్వ ఉంటుంది. ఆ గుణమే ఇక్కడ అడ్డం. రాష్ట్రం తన సొంత నిధితో కొనుగోలు చేయడం ఇంకో దారి. సంఘాలు రాష్ట్రాన్ని అడుగుతున్నది అదే.

ఇటు పరిశ్రమ వాదన కూడా ఉంది. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు ఏడాది పొడవునా పని నడవాలంటే స్థానిక పంట సరిపోదు, ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పించుకోవాల్సిందే అంటారు. నిజమే. కానీ ఆ సరుకు సరిగ్గా ఉద్దానం పిక్కలు రాలే వేసవిలో గోదాముల్లో ఉంటే, చిన్న రైతు బేరమాడే బలం పోతుంది. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, పొట్టు తీసే మహిళలు కూడా ఇవే ఊళ్ల రైతు కుటుంబాల వాళ్లు. ఫ్యాక్టరీ మూతపడినా, పిక్కల ధర పడినా నష్టం ఆ ఇంటికే. సంఘం గట్టిగా దిగుమతులు ఆపమనకుండా ధర అడగడం వెనక ఈ లెక్క ఉందనుకుంటాను.

ఎక్కడ అడగాలి?

2022 ఏప్రిల్‌లో పలాస కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఉన్న ఉద్దానం మండలాలకు ఆర్డీవో ఇప్పుడు పలాసలోనే ఉంటారు. టెక్కలి, సంతబొమ్మాళి వైపు వారికి మాత్రం టెక్కలి ఆర్డీవో. ఇంకా పాత అలవాటుతో టెక్కలికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లున్నారు. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది.

అర్జీ ఇవ్వడానికి సంఘంలో సభ్యత్వం అక్కర్లేదు. సంఘం పట్టా ఇవ్వలేదు, పరిహారం మంజూరు చేయలేదు. అది చేసేది ఏ కాగితం ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పడం, ఒక్కరి ఫిర్యాదును వందమంది ఫిర్యాదుగా మార్చడం. పని చేసిపెడతామని డబ్బు అడిగేవాళ్లు సంఘం పేరు వాడుకున్నా నమ్మకండి. సభ్యత్వ రుసుము నామమాత్రంగా ఉంటుంది, దానికి రసీదు ఇస్తారు. అర్జీ ఇచ్చినప్పుడు కూడా నంబరు ఉన్న రసీదు తీసుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.